గట్టు మీది కిత్తనార: ఉంచాలా, తీసేయాలా? మెక్సికో పీఠభూమి రైతుల పద్ధతి, మనకు పనికొచ్చే సంగతులు

కిత్తనార తెలియని మెట్ట రైతు ఉండడు. కొన్ని ఊళ్లలో కిత్తలి అంటారు, కొన్నిచోట్ల రాకాసి మట్ట అంటారు. నేల మీదే గుత్తిగా, చుట్టూ కత్తుల్లాంటి ఆకులతో, ప్రతి ఆకు కొసన ఒక ముల్లుతో పెరిగే మొక్క ఇది. చెలక గట్ల మీద, దొడ్ల చుట్టూ, రైలు కట్టల పక్కన ఎవరూ నీళ్లు పోయకపోయినా బతుకుతుంది. ఒకప్పుడు పలుపులు, మోకులు, ఎద్దుల మూతికి కట్టే చిక్కాలు, సున్నం వేసే కుంచెలు దీని నారతోనే చేసుకునేవారు. నైలాను తాడు వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. ఇప్పుడు గట్టు సరిచేసేటప్పుడు జేసీబీ ముందుగా పెకలించేది దీన్నే.

ఇంకోపక్క "అగేవ్ సాగుతో లక్షలు" అనే మాట సెల్‌ఫోన్ వీడియోల్లో వినిపిస్తోంది. అగేవ్ అంటే మరేదో కాదు, ఈ కిత్తనార జాతే. అంటే గట్టు మీద ఉన్నదాన్ని పీకేస్తూ, అదే మొక్కను పొలంలో ఎకరాలకు ఎకరాలు నాటాలా అని ఆలోచిస్తున్నాం. రెండు నిర్ణయాల్లోనూ తొందరపాటు ఉంది. ఈ మొక్క పుట్టింది మెక్సికోలో. అక్కడి పీఠభూమి రైతులు దీనితో వేల ఏళ్లుగా కాపురం చేస్తున్నారు. వాళ్లు దీన్ని ఎక్కడ నాటుతారు, ఎందుకు నాటుతారు, ఎక్కడ నష్టపోయారు అన్నది తెలిస్తే మన లెక్క మనం వేసుకోవచ్చు.

మొక్క పుట్టిన చోటు

మెక్సికో నగరం మన ఆదిలాబాద్‌తో ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉంటుంది. అంటే ఉష్ణమండలమే. కానీ సముద్ర మట్టానికి దాదాపు 2,240 మీటర్ల ఎత్తు కాబట్టి రాత్రిళ్లు చలి, శీతాకాలంలో కొన్నిచోట్ల మంచు పడుతుంది. చుట్టుపక్కల హిడాల్గో, త్లాస్కాలా, పుయెబ్లా రాష్ట్రాల్లో వాలు భూములు, పలుచటి మట్టి, నాలుగైదు నెలల వానాకాలం, తర్వాత ఎండు కాలం. హిడాల్గోలోని మెస్కిటాల్ లోయ లాంటి చోట్ల వాన మన అనంతపురం జిల్లాలో పడేదానికన్నా ఎక్కువేమీ కాదు.

అలాంటి నేలలో అక్కడివాళ్లు మాగే అని పిలిచే పెద్ద కిత్తనార పెరుగుతుంది. ఒక్కో మొక్క మనిషి ఎత్తును మించుతుంది. ఆకు పొడవు రెండు మీటర్ల దాకా ఉంటుంది.

నీళ్లు లేకుండా ఇది ఎలా బతుకుతుందో తెలుసుకోవడం అవసరం. మిగతా పంటలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి, ఆ సమయంలోనే వాటి నీరంతా ఆవిరైపోతుంది. కిత్తనార పగలు ఎండలో రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. ఆకుల అమరిక గరాటులా ఉంటుంది కాబట్టి చిన్న జల్లు పడినా నీరు మొదట్లోకే జారుతుంది. వేర్లు లోతుకు పోవు, పై మట్టిలోనే వల అల్లినట్టు పరుచుకుంటాయి. గట్టు మట్టి కరగకుండా పట్టుకునేది ఈ వలే.

పొలంలో కాదు, గట్టు మీద

త్లాస్కాలా వైపు వాలు భూముల్లో ఒక పాత పద్ధతి ఉంది. పేరు మెతెపాంత్లే. అక్కడి నావాత్ల్ భాషలో మాగే వరుస అని అర్థం. వాలుకు అడ్డంగా కట్ట వేస్తారు. కట్ట పక్కన వాన నీరు నిలిచేలా కందకం తవ్వుతారు. కట్ట మీద మాగే మొక్కలు వరుసగా నాటుతారు. రెండు కట్టల మధ్య ఉన్న వెడల్పాటి చాలులో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, బార్లీ వేస్తారు. వాన నీటితో కొట్టుకొచ్చిన మట్టి మాగే వరుస దగ్గర ఆగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ వాలు నేల మెట్లు మెట్లుగా చదునవుతుంది.

ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, తిండి గింజలు పండే నేలను చిన్న రైతు మాగేకు ఇవ్వడు. గట్టే దాని చోటు. మొక్కజొన్న పండినా ఎండినా గట్టు మీది మాగే ఉంటుంది. కరువు ఏడాదిలో ఇల్లు గడిపేది అదే.

రెండో సంగతి, వరుసలోని మొక్కలన్నీ ఒకే వయసువి కావు. మాగే తన జీవితంలో ఒక్కసారే పూస్తుంది, పూసి చచ్చిపోతుంది. రకాన్ని, నేలను బట్టి దానికి 8 నుంచి 15 ఏళ్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. అన్నీ ఒకేసారి నాటితే అన్నీ ఒకేసారి పోతాయి, గట్టు బోడిదవుతుంది. అందుకే ఏటా కొన్ని పిలకలు నాటుకుంటూ పోతారు. తాత నాటింది మనవడు కోసుకునే పద్ధతి అన్నమాట.

వాళ్ల కల్లు గీత

మాగే ఉపయోగాల్లో పెద్దది దాని రసం. మన తాటి, ఈత గీత తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. పూల కాడ బయటికి తన్నుకొచ్చే ముందు మొవ్వు సన్నబడి కోసుగా లేస్తుంది. అనుభవం ఉన్న గీతకాడు దాన్ని చూసి గుర్తుపడతాడు. అతన్ని అక్కడ త్లాచికేరో అంటారు. అప్పుడు ఆ మొవ్వు కోసేసి, మొక్క నడిమధ్య గిన్నెలా గుంట చేస్తారు. పూల కాడ కోసం మొక్క ఏళ్ల తరబడి దాచుకున్న చక్కెర అంతా ఆ గుంటలోకి ఊరుతుంది. ఉదయం, సాయంత్రం రసం తీసి, మళ్లీ ఊట రావడానికి గుంట గోడను పలుచగా గీకుతారు. రసం తీసే సాధనం ఏమిటో తెలుసా? పొడవాటి ఎండు సొరబుర్ర. రెండు చివర్లా రంధ్రాలు చేసి, ఒక కొస రసంలో ముంచి, రెండో కొసన నోటితో పీలుస్తారు.

బాగా ఎదిగిన మొక్క రోజుకు 3 నుంచి 6 లీటర్ల దాకా, 3 నుంచి 6 నెలల పాటు రసం ఇస్తుంది. ఆ తర్వాత ఎండిపోతుంది. తాజా రసాన్ని ఆగ్వామియెల్ అంటారు, తేనెనీరు అని అర్థం. మన నీరా లాంటిదే. పులిస్తే పుల్కే, అది మన కల్లు. కల్లులాగే ఒకటి రెండు రోజులకు మించి నిలవ ఉండదు. తాగే నీరు కరువైన మెస్కిటాల్ లోయలో ఒటోమీ జనానికి పుల్కే మత్తు పానీయం మాత్రమే కాదు, రోజూ తిండిలో భాగం.

ఇదంతా చదివి మన గట్టు మీది కిత్తనారకు గుంట తవ్వాలనుకోవద్దు. సిసల్ రకం ఆ పనికి వచ్చేది కాదు. పైగా ఎక్సైజ్ లైసెన్సు లేకుండా రసం పులియబెట్టి అమ్మడం, బట్టీ పెట్టడం నేరం.

మిగతా భాగాల్లో కూడా ఏదీ వృథా పోదు. ఆకు నారతో ఒటోమీ ఆడవాళ్లు వడికి ఆయాతే అనే దుప్పటి లాంటి గుడ్డ నేస్తారు. బరువులు మోసుకోవడానికి అది వాడతారు. ఆకు కొస ముల్లును నారతో సహా లాగితే సూది దారం రెండూ ఒకేసారి వస్తాయి. గుంటలో మాంసం కాల్చేటప్పుడు కింద పైన ఈ ఆకులే పరుస్తారు. పూల కాడ ఇంటి వాసానికి, లేత పూలు కూరకు, ఎండిన ఆకులు పొయ్యిలోకి, పాత ఇళ్లలో పైకప్పుకు. ఆకుల్లో, దుంపలో పుట్టే పురుగులను కూడా వేయించుకు తింటారు. మార్కెట్లో వాటికి మంచి ధరే పలుకుతుంది.

పశువులకు మాగే ఆకు తరిగి వేసే అలవాటు అక్కడ ఉంది. కానీ ముళ్లు తీసి, వేరే మేతతో కలిపి, కొద్దిగా వేస్తారు. పచ్చి ఆకులో సపోనిన్లు అనే కుంకుడు నురగ లాంటి పదార్థాలు ఉంటాయి, అవి పశువుల కడుపుకు మంచివి కావు. మన దగ్గర ఉన్న రకాలను మేతగా వాడమని చెప్పలేం.

అక్కడా దెబ్బతిన్నారు

1870ల తర్వాత రైలు మార్గాలు వచ్చాక ఆపాన్ మైదానాల జమీందార్లు వేల ఎకరాల్లో మాగే నాటించి, పుల్కే పీపాలు రోజూ రైలెక్కించి మెక్సికో నగరానికి పంపేవారు. 20వ శతాబ్దంలో బీరు కంపెనీలు రంగంలోకి దిగాయి. పుల్కే మురికిదనే ప్రచారం కూడా తోడైంది. గిరాకీ పడిపోయింది. ట్రాక్టరుకు అడ్డమని చాలాచోట్ల వరుసలు పీకేశారు. పీకింది ఒక్క రోజులో, తిరిగి పెరగాలంటే పదేళ్లు. వరుస పోయిన వాలు పొలాల్లో మట్టి కోత పెరిగింది.

ఇంకో పాఠం టెకీలాది. టెకీలా మద్యం హాలిస్కో రాష్ట్రంలో పండే నీలి అగేవ్‌తో చేస్తారు. అది కోతకు రావడానికి 5 నుంచి 7 ఏళ్లు కావాలి. కొరత వచ్చినప్పుడు ధర ఎగబాకుతుంది. ఆ ధర చూసి అందరూ నాటుతారు. అందరిదీ ఒకేసారి కోతకొస్తుంది, ధర కూలిపోతుంది. ఇది అక్కడ మళ్లీ మళ్లీ జరిగేదే. ఈమధ్య కూడా కిలో 30 పెసోల దాకా వెళ్లిన ధర 2024 నాటికి పది పెసోల లోపుకి పడిపోయింది. కంపెనీతో ఒప్పందం ఉన్న పెద్ద రైతులు కొంత నిలదొక్కుకున్నారు, ఒప్పందం లేని చిన్న రైతు దుంపలు పొలంలోనే ఉండిపోయాయి. మొక్కకు తల్లి ఊళ్లాంటి దేశంలోనే, వందల డిస్టిలరీలు ఉన్నచోటే ఈ పరిస్థితి.

మన దగ్గర దక్కన్ కిత్తనార దుంపతో మద్యం చేసే ప్రయత్నాలు జరిగాయి, చిత్తూరు జిల్లాలో అలాంటి చిన్న డిస్టిలరీ వచ్చింది కూడా. కానీ కొనేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందువల్ల ఎవరైనా వచ్చి "పిలకలు మేమిస్తాం, పంట మేమే కొంటాం, ఎకరం నాటండి" అంటే ఈము పక్షులు, జట్రోఫా రోజులు గుర్తు చేసుకోండి. ఏడెనిమిదేళ్ల తర్వాత ఆ కంపెనీ ఉంటుందా? రాతపూర్వక ఒప్పందంలో ధర ఉందా? పిలకకు వాళ్లు తీసుకునే డబ్బే వాళ్ల అసలు వ్యాపారం కాదు కదా? కిత్తనార పిలకలు ఊళ్లలో ఉచితంగా దొరుకుతాయి. వాటికి డబ్బు అడిగేవారిని అక్కడే ఆపాలి.

మన గట్టుకు ఏ రకం?

మన దగ్గర ప్రధానంగా రెండు కనిపిస్తాయి. ఒకటి అమెరికానా రకం. ఆకు బూడిద నీలం రంగులో, వెడల్పుగా, అంచుల వెంట కొక్కేల్లాంటి ముళ్లతో ఉంటుంది. దొడ్డికి, గట్టుకు జీవకంచెగా ఇదే గట్టిది. మేకలు, పశువులు దాటవు. అడవి పందిని మాత్రం ఇది పూర్తిగా ఆపుతుందని అనుకోవద్దు, మొక్కల మధ్య సందు ఉంటే దూరిపోతుంది. ఇది చాలా చోటు తీసుకుంటుంది, ఎదిగాక రెండు మూడు మీటర్ల వెడల్పు. సన్న గట్టుకు పనికిరాదు.

రెండోది సిసల్. ఆకు సన్నగా, నిటారుగా, ముదురాకుపచ్చగా, మీటరు నుంచి మీటరున్నర పొడవు ఉంటుంది. అంచు ముళ్లు దాదాపు ఉండవు, కొసన ఒక్క ముల్లే. కంచెగా బలహీనం, నారకు మాత్రం ఇదే మేలు. ఇది మెక్సికోలోనూ పీఠభూమిది కాదు, యుకతాన్ వేడి మైదానాల వైపుది. అక్కడి సిసల్ అనే రేవు పేరే దీనికి వచ్చింది. కాబట్టి మన ఎండలు దీనికి కొత్త కాదు. ఒడిశాలోని బామ్రాలో సిసల్ పరిశోధన కేంద్రం ఉంది, బారక్‌పూర్‌లోని కేంద్ర జనపనార పరిశోధన సంస్థ కింద పనిచేస్తుంది. మంచి నాటు మొక్క కావాలనుకునేవారు అక్కడ విచారించవచ్చు.

మూడో సంగతి, ఇది అసలు కలబంద కాదు. చూడటానికి దగ్గరగా ఉండటంతో కొందరు కిత్తనార ఆకును ముఖానికి, జుట్టుకు రాసుకుంటున్నారు. అది ప్రమాదం. గుర్తుపట్టడం తేలిక. కలబంద ఆకు విరిస్తే జిగురు గుజ్జు వస్తుంది, నార ఉండదు. కిత్తనార ఆకు విరగదు, నార సాగుతుంది. కలబంద ఏటా పూస్తుంది, కిత్తనార ఒక్కసారే, పైన కరెంటు స్తంభమంత కాడ వేసి.

నాటే తీరు

పిలకలు తల్లి మొక్క చుట్టూ వస్తాయి. జానెడున్నర ఎత్తున్న పిలకను గడ్డపారతో వేరు తుంచి తీయండి. వెంటనే నాటకుండా నీడలో నాలుగైదు రోజులు ఆరనివ్వండి, తుంచిన చోట ఎండి పుండు మానుతుంది. పచ్చి గాయంతో తడి మట్టిలో పెడితే కుళ్లుతుంది. సిసల్‌కు పిలకలే కాక, పూల కాడ మీద వందల కొద్దీ పిల్ల మొక్కలు వస్తాయి. వాటిని నారుమడిలో ఏడాది పెంచి గట్టుకు మార్చుకోవచ్చు.

తొలకరికి నాటండి. నీరు నిలిచే చోటు, నల్లరేగడి పల్లం వద్దు. ఎర్ర గరప, రాతి నేల, మొరం గట్టు బాగుంటాయి. సిసల్ అయితే మీటరుకు ఒకటి, అమెరికానా అయితే రెండు మీటర్లకు ఒకటి. గట్టు నడి మీద కాకుండా పై వాలు వైపు కొంచెం జరిపి నాటితే మట్టి ఆపుతుంది. వీలైతే మెక్సికో రైతుల్లాగే గట్టు పై వైపున చిన్న కందకం తీయండి. మొదటి రెండేళ్లు గడ్డి కమ్మకుండా చూడాలి. ఆ తర్వాత దీనికి మీరు చేయాల్సిన పని ఒక్కటే. ఏటా పొలంలోకి వచ్చిన పిలకలు తీసేయడం. ఇది మానేస్తే నాలుగేళ్లలో గట్టు రెండింతలు వెడల్పవుతుంది, అంచు చాలులో పంట తగ్గుతుంది. తీసిన పిలకలను మేత పోరంబోకులో పారేయకండి, అక్కడ వేరూని పశువుల దారి మూసేస్తాయి.

నార లెక్క

సిసల్ ఆకు మూడో ఏడు నుంచి కోతకు వస్తుంది. ఒక మొక్క పూసేలోపు మొత్తం 200 నుంచి 250 ఆకులు ఇస్తుంది. ఆకు బరువులో ఎండు నార 3 నుంచి 4 శాతమే. ఈ అంకె గుర్తుంచుకుంటే చాలా ప్రచారాలు తేలిపోతాయి. 100 మీటర్ల గట్టు మీద 100 సిసల్ మొక్కలు ఉన్నాయనుకోండి. ఏడాదికి మొక్కకు 20 ఆకులు, ఆకు అర కిలో చొప్పున వెయ్యి కిలోల ఆకు. దాని నుంచి వచ్చేది 30 నుంచి 40 కిలోల నార. ఇంటి తాళ్లకు, కుంచెలకు, ఊళ్లో నాలుగు తాళ్లు పేని అమ్ముకోవడానికి ఇది బాగానే ఉంటుంది. దీన్నే ప్రధాన ఆదాయం అనుకుంటే నిరాశే.

కోసిన ఆకు ఒకటి రెండు రోజుల్లో నార తీయాలి, ఎండితే రాదు. రాస్పడార్ అనే యంత్రం ఉంటే పని సులువు. ఒక్క రైతు కొనేది కాదు, పది మంది కలిసి లేదా మహిళా సంఘం తరఫున తీసుకుంటేనే గిట్టుబాటు. పాత పద్ధతిలో ఆకు చితక్కొట్టి నీటిలో ఊరేసేవారు. దయచేసి ఊరి చెరువులో, కుంటలో ఊరేయవద్దు. ఆకు రసం చేపలను చంపుతుంది, నీరు కంపు కొడుతుంది, పశువులు తాగలేవు. తొట్టిలో ఊరేసి, ఆ నీటిని ఖాళీ నేలలో ఒలకబోయండి.

ఆకు రసం ఒంటి మీద పడితే దురద, దద్దుర్లు, కొందరికి బొబ్బలు వస్తాయి. రసంలో సూదుల్లాంటి సన్నని స్ఫటికాలు ఉండటమే కారణం. నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా కోతకు దిగవద్దు. జేసీబీ, గొడ్డలి, రంపంతో నరికేటప్పుడు రసం చిమ్ముతుంది, ఆ సమయంలో పిల్లలను దూరంగా ఉంచండి. ఒంటి మీద పడితే రుద్దకుండా ధారగా నీళ్లు పోసి సబ్బుతో కడగాలి. కంట్లో పడినా, ముల్లు కంటికి గుచ్చుకున్నా ఆకు పసర్లు వేయకుండా నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్లాలి. ముల్లు లోతుగా దిగి కొస లోపలే విరిగితే, కీలు దగ్గర వాపు వస్తే, అది రోజుల తరబడి తగ్గదు. డాక్టరుతో తీయించుకుని ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకోండి. గట్టు పక్కన రోజూ నడిచే దారి ఉంటే, ఆ వైపు ఆకుల కొస ముళ్లను ఏడాదికొకసారి కత్తెరతో తుంచేస్తే సరిపోతుంది, మొక్కకు నష్టం ఉండదు.